ప్రీమియం పెరిగిందని ఇంటి బీమా మానేయొచ్చా?

రెన్యూవల్ నోటీసు వస్తుంది. తెరిచి చూస్తే నిరుడు కట్టినదానికి ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో అంకె కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒక్క క్లెయిమ్ కూడా చేయని మనిషికి అప్పుడు వచ్చే మొదటి ఆలోచన ఒకటే. ఇన్నాళ్లూ కట్టిందంతా నీళ్లలో పోసినట్టే కదా, ఇక మానేసి ఆ డబ్బేదో బ్యాంకులో వేసుకుంటే పోలా? ఇలా అనుకోవడంలో తప్పు లేదు. చాలామంది అనుకుంటున్నారు, కొందరు మానేస్తున్నారు కూడా. అమెరికాలో సొంత ఇళ్లున్నవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 61 లక్షల మంది, ఇంటి బీమా లేకుండానే ఉన్నారని అక్కడి వినియోగదారుల సంఘాల సమాఖ్య, కన్స్యూమర్ ఫెడరేషన్ ఆఫ్ అమెరికా, 2024లో లెక్క తేల్చింది. వీరిలో తక్కువ ఆదాయం వాళ్లే ఎక్కువ.

ఇక్కడ మాట్లాడుకునేది ఇంటి కట్టడానికి చేసే బీమా గురించి. గోడలు, పైకప్పు, నేల, తలుపులు, కిటికీలు, గోడల్లో దాగిన వైరింగ్, పైపులు దీని కిందకు వస్తాయి. లోపలి సామానుకు చేసే బీమా వేరు. అది మానుకున్నా చాలామంది తట్టుకోగలరు, టీవీ, సోఫా మెల్లగా మళ్లీ కొనుక్కోవచ్చు. ఇల్లు అలా మళ్లీ కొనుక్కునే వస్తువు కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇల్లే ప్రధానమైన ఆస్తిగా ఉన్నవాళ్లు ప్రీమియం పెరిగిందన్న ఒక్క కారణంతో కట్టడం బీమా పూర్తిగా మానేయకూడదు. అలాగని పెరిగిన ప్రీమియం కళ్లు మూసుకుని కట్టేయాల్సిన పనీ లేదు. ఈ రెండింటి మధ్య చాలా చోటుంది. చిన్న నష్టాలు మనం భరించి, పెద్ద నష్టాన్ని మాత్రమే కంపెనీ మీద పెట్టే దారి అది. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ, నోటీసులో అది తనంతట తాను కనిపించదు కూడా.

మానేసే వీలు మీకుందా?

ఇంటి మీద లోన్ ఉంటే ఈ ప్రశ్న దాదాపు అక్కడితో ఆగిపోతుంది. అప్పిచ్చిన సంస్థకు ఇల్లే తాకట్టు. అందుకే కట్టడానికి బీమా ఉండి తీరాలని లోన్ ఒప్పందంలో సాధారణంగా రాసి ఉంటుంది. మానేస్తే అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. అమెరికాలో అయితే బ్యాంకే తన తరఫున ఒక పాలసీ తీసుకుని, ఆ ఖర్చు ఇంటి యజమాని ఖాతాలో రాస్తుంది. ఆ పాలసీ ఖరీదు మామూలు పాలసీ కంటే బాగా ఎక్కువ, పైగా అది కాపాడేది ముఖ్యంగా బ్యాంకు సొమ్మునే. డబ్బు మిగుల్చుకుందామని మానేసిన మనిషి ఎక్కువ కట్టి తక్కువ రక్షణ పొందుతాడు.

అపార్ట్‌మెంట్లలో కట్టడం మొత్తానికి ఒకే పాలసీ ఉన్నచోట, ఒక ఫ్లాట్ యజమాని నాకొద్దు అంటే కుదరదు. కొన్ని దేశాల్లో చట్టమే వదలదు. స్విట్జర్లాండ్‌లో క్యాంటన్లనే 26 రాష్ట్రాల్లో 19 చోట్ల కట్టడాల బీమా ప్రభుత్వ సంస్థల చేతిలో ఉంది, దాదాపు అన్నిచోట్లా తప్పనిసరి. ఐస్‌లాండ్‌లో ప్రకృతి వైపరీత్యాల బీమా ప్రతి కట్టడానికీ ఉండాల్సిందే. 1999లో మర్మరా భూకంపం తర్వాత టర్కీ ఇళ్లకు భూకంప బీమాను తప్పనిసరి చేసింది.

బలవంతం లేని దేశాల్లో ఇంకో చిక్కుంది. కొన్నిచోట్ల ప్రభుత్వం కల్పించే రక్షణ కూడా మన ప్రైవేటు పాలసీకే ముడిపడి ఉంటుంది. న్యూజిలాండ్‌లో భూకంపాలు, కొండచరియలు, అగ్నిపర్వతాల వంటివాటికి ప్రభుత్వ సంస్థ ఇంటికి 3 లక్షల న్యూజిలాండ్ డాలర్ల దాకా, పన్ను అదనం, రక్షణ ఇస్తుంది. అయితే అగ్నిప్రమాదాలకు వర్తించే ప్రైవేటు బీమా ఉన్నవారికే అది వస్తుంది. మంటలు మా ఇంటికి ఎందుకొస్తాయిలే అని పాలసీ వదిలేసిన మనిషికి తెలియకుండానే భూకంప రక్షణ కూడా పోతుంది. ఫ్రాన్స్‌లోనూ 1982 నుంచి ప్రకృతి వైపరీత్యాల రక్షణ మామూలు ఆస్తి బీమాతోనే కలిసి వస్తోంది, దానికోసం ప్రతి పాలసీ మీదా కొంత అదనంగా వసూలు చేస్తారు. 2025 జనవరి నుంచి ఆ అదనం 12 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది.

న్యూజిలాండ్‌లో దీని ఫలితం ఎలా ఉంటుందో జనం చూశారు. 2010, 2011 భూకంపాల తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లో కొన్ని ప్రాంతాలను మళ్లీ నివాసానికి పనికిరానివిగా తేల్చి, అక్కడి ఆస్తులను ప్రభుత్వమే కొంటానంది. బీమా ఉన్న ఇళ్లవాళ్లకు 2007 నాటి అధికారిక విలువ ఇస్తామంది. బీమా లేనివాళ్లకు 2012లో ఇస్తామన్నది భూమి విలువలో సగమే, ఇంటికి ఏమీ లేదు. వాళ్లు కోర్టుకెక్కారు. ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోలేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, అప్పటికే నాలుగేళ్లు గడిచిపోయాయి. విపత్తు వస్తే ప్రభుత్వం చూసుకుంటుందిలే అని బీమా మానేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం విపత్తు బాధిత కుటుంబానికి ఇంటి కోసం ఇచ్చే సాయానికి గరిష్ఠ పరిమితి 40 వేల డాలర్లు కాస్త దాటుతుంది, అంతే. చాలామందికి అందేది అంతకంటే ఎంతో తక్కువ. ఆపైన కావాలంటే దొరికేది ప్రభుత్వ రుణం, అది తిరిగి కట్టాలి.

అసలు ఎందుకు పెరిగింది?

నోటీసు చూడగానే చేయాల్సిన పని ఒకటుంది, చేసేవాళ్లు తక్కువ. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి ప్రీమియం, రెండోది బీమా మొత్తం, అంటే ఇల్లు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నిరుడు బీమా మొత్తం 1,000, ప్రీమియం 3 అనుకుందాం. ఈ ఏడాది బీమా మొత్తం 1,300, ప్రీమియం 5.2. ప్రీమియం 73 శాతం పెరిగిందని కోపం వస్తుంది. భాగించి చూస్తే రేటు 0.3 శాతం నుంచి 0.4 శాతానికి వచ్చింది, అంటే పెరిగింది మూడో వంతు. మిగతా పెరుగుదలంతా బీమా మొత్తం పెరిగినందువల్ల వచ్చింది.

ఈ రెండు కారణాలనూ విడదీసి చూస్తే ఏం చేయాలో తేలుతుంది. బీమా మొత్తం పెరగడం చాలాసార్లు న్యాయమే. 2021 తర్వాత కలప, ఉక్కు, కూలి ఖర్చులు చాలా దేశాల్లో గట్టిగా పెరిగాయి, ఇల్లు మళ్లీ కట్టాలంటే నిజంగానే ఎక్కువవుతుంది. కొన్నిసార్లు మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్ ఏదో సూచీ పట్టుకుని ఏటికేడు పెంచుకుంటూ పోయి అసలు ఖర్చును దాటేస్తుంది. ఇంటి విస్తీర్ణం తప్పుగా పడి ఉండొచ్చు, కూల్చేసిన షెడ్డు ఇంకా లెక్కలో ఉండొచ్చు. ఇంకో మాట. మార్కెట్ ధరకూ బీమా మొత్తానికీ సంబంధం లేదు. మార్కెట్ ధరలో భూమి ఉంటుంది, భూమి కాలిపోదు. ఖరీదైన చోట చిన్న ఇల్లున్నవాళ్లు మార్కెట్ ధరకు బీమా చేసి అనవసరంగా ఎక్కువ కడుతుంటారు. మారుమూల చోట పెద్ద పాత ఇల్లున్నవాళ్లది దీనికి తలకిందుల పరిస్థితి, అమ్మితే వచ్చే ధర కంటే మళ్లీ కట్టే ఖర్చే ఎక్కువ.

రేటు పెరగడం వేరే కథ. బీమా కంపెనీలు కూడా బీమా చేయించుకుంటాయి. పెద్ద విపత్తు ఒక్కసారే వేల ఇళ్లను ముంచితే తట్టుకోవడానికి రీఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర రక్షణ కొనుక్కుంటాయి. ఆ ఒప్పందాల్లో చాలావరకు జనవరి 1న రెన్యూవల్ అవుతాయి. 2022 సెప్టెంబరులో ఫ్లోరిడాను ఇయన్ తుపాను దెబ్బతీశాక, 2023 జనవరి ఒప్పందాల్లో ధరలు భారీగా పెరిగాయి. ప్రకృతి వైపరీత్యాల వల్ల బీమా కంపెనీలు భరించిన నష్టం 2020 నుంచి 2024 దాకా వరుసగా ఐదేళ్లు, ఏటా 10 వేల కోట్ల డాలర్లు దాటిందని స్విస్ రీ అనే రీఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు చెబుతున్నాయి. ఆ భారం చుట్టూ తిరిగి మన నోటీసులోకి వస్తుంది. మన ఇంటికి ఏమీ జరగకపోయినా రేటు పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

మన ఇంటి వల్లే పెరిగే సందర్భాలూ ఉన్నాయి. పైకప్పు పాతదైపోయింది, వరద పటాలు మారాయి, చుట్టుపక్కల అడవి ఎండుతోంది. ఇలాంటప్పుడు పెరిగిన ప్రీమియం ఒక సమాచారం. మీ ఇల్లు మీరనుకున్న దానికంటే ప్రమాదంలో ఉందని, ఆ లెక్కలు వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు చెబుతున్నారు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ప్రమాదం పెరిగినందుకే ప్రీమియం పెరిగితే, మానేయాలని అనిపించే సమయమూ బీమా అన్నిటికంటే అవసరమైన సమయమూ ఒకటే అవుతున్నాయి.

మూడో కారణం కూడా ఉంది, అది అంత గౌరవమైనది కాదు. పాత కస్టమరు కదలడన్న నమ్మకంతో ఏటా కొంచెం కొంచెం పెంచడం. బ్రిటన్‌లో ఇది ఎంత ముదిరిందంటే, అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించింది. ఇంటి, వాహన బీమాల్లో పాత కస్టమరుకు రెన్యూవల్ ధర, అదే కొత్త కస్టమరుకు ఇచ్చే ధర కంటే ఎక్కువ ఉండకూడదు. ఇలాంటి నియమం లేని చోట్ల మూడు నాలుగు కంపెనీల్లో ధర కనుక్కోకుండా రెన్యూవల్ చేయడం డబ్బు వదులుకోవడమే.

దాచుకుంటే సరిపోదా?

ప్రీమియం డబ్బు మనమే దాచుకుంటే ఇల్లు పోయినప్పుడు వాడుకోవచ్చన్న వాదన వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే నిలవదు. రేటు 0.4 శాతం అయితే, వడ్డీ పక్కన పెడితే, ఇల్లు మళ్లీ కట్టేంత సొమ్ము పోగవడానికి 250 ఏళ్లు పడుతుంది. రేటు రెట్టింపై 0.8 శాతమైనా 125 ఏళ్లు. వడ్డీ కలిపితే ఈ కాలం తగ్గుతుంది కానీ కట్టుబడి ఖర్చులు కూడా ఆగి ఉండవు. ప్రమాదం మూడో ఏడాదే వస్తే చేతిలో ఉండేది ఇంటి ఖరీదులో ఒకటి రెండు శాతం.

ఏడాదికి నూటికి ఒక్క వంతు అవకాశమున్న ప్రమాదమంటే ఎవరూ భయపడరు. ముప్ఫై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంటే, అది కనీసం ఒక్కసారైనా జరిగే అవకాశం 26 శాతం. నాలుగిళ్లలో ఒకటి. వందేళ్లకోసారి వచ్చే వరద అని అధికారులు పిలిచేది సరిగ్గా ఇలాంటిదే. వందేళ్ల దాకా రాదని దాని అర్థం కాదు.

ఇందులో బీమా కంపెనీ తరఫున దాచాల్సిన నిజం ఏమీ లేదు. సగటున చూస్తే కొనేవాడు నష్టపోతాడు. కంపెనీ జీతాలు, కమీషన్లు, లాభం అన్నీ మన ప్రీమియంలోంచే వస్తాయి. కట్టినదంతా తిరిగి వస్తే ఆ వ్యాపారమే నడవదు. అందుకే ఇన్నేళ్లు కట్టి ఏం లాభం అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. అడగాల్సింది వేరే ఉంది. ఈ నష్టం రేపే వస్తే నా జీవితం ఏమవుతుంది? ఫోన్ పోతే మళ్లీ కొంటారు, కాబట్టి ఫోన్‌కు బీమా అక్కర్లేదు. ఇల్లు పోతే పిల్లల చదువు, రిటైర్మెంట్, అప్పు తీర్చే శక్తి అన్నీ ఒక్క దెబ్బతో తారుమారవుతాయి.

వేల కట్టడాలున్న పెద్ద సంస్థలు బీమా లేకుండా సొంతంగా నష్టం భరించే పద్ధతి నడుపుతాయి, అది వాళ్లకు సరిపోతుంది. ఏటా ఒకటో రెండో కట్టడాలు దెబ్బతింటాయని ముందే తెలుసు కాబట్టి బడ్జెట్‌లో పెట్టుకుంటారు. ఒక్క ఇల్లున్న మనిషికి ఆ సగటు ఎప్పటికీ పనిచేయదు. ఆయనకు నష్టం అసలు ఉండదు, లేదంటే ఒక్కసారే భరించలేనంత వచ్చి పడుతుంది.

పోయేది గోడలు మాత్రమే కాదు

ఇల్లు మొత్తం నేలమట్టం కావడం అరుదు. ఎక్కువగా జరిగేది ఇంట్లో కొంత భాగం దెబ్బతినడం. వంటింట్లో నూనె అంటుకుని మంట లేస్తుంది, పది నిమిషాల్లో ఫైర్ ఇంజన్ వచ్చి ఆర్పేస్తుంది. కాలింది ఒక మూల, రెండు అల్మరాలు. తర్వాత లెక్క మొదలవుతుంది. పొగ పక్క గదుల గోడల్లోకి, ఫాల్స్ సీలింగ్ పైకి పాకి ఉంటుంది, రంగు వేసినా వాసన పోదు, ప్లాస్టర్ తీసేయాలి. ఆర్పడానికి కొట్టిన నీళ్లు కింది అంతస్తులోకి దిగుతాయి. వేడికి వైర్ల తొడుగు కరిగి ఉంటుంది, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా కరెంటు తిరిగి పెట్టరు. ఇంట్లో ఉండే వీల్లేదు, కొన్ని నెలలు అద్దెకుండాలి. కాలిన శిథిలాలను ఎత్తి పారేయడానికే బోలెడు ఖర్చు, పాత కట్టడాల్లో ఆస్‌బెస్టాస్ ఉంటే అది ఎన్నో రెట్లవుతుంది. మంచి పాలసీలో ఈ శిథిలాల తొలగింపు, తాత్కాలిక అద్దె కూడా కలిసే ఉంటాయి. బీమా లేనివాళ్లు ఇవన్నీ ఒక్కొక్కటిగా కనుక్కుంటారు, అదీ ఆ వారంలోనే.

ఎవరూ ఆలోచించని ఇంకొకటి ఇతరులకు జరిగే నష్టం. మీ పైకప్పు రేకు గాలికి ఎగిరి దారిన పోయేవాళ్ల మీద పడినా, మీ గోడ పక్కింటి కారు మీద కూలినా బాధ్యత మీ మీదకు రావచ్చు. చాలా దేశాల్లో ఇంటి పాలసీలో ఈ బాధ్యతకు రక్షణ కలిసి ఉంటుంది. ఇంటి విలువకు ఒక హద్దుంది. ఒక మనిషి జీవితాంతం మంచాన పడితే కట్టాల్సిన పరిహారానికి హద్దు లేదు. కట్టడం బీమా మానేయాలనే నిర్ణయించుకున్నవాళ్లు కూడా, బాధ్యత బీమా విడిగా దొరికితే అది మాత్రం ఉంచుకోవాలని గట్టిగా చెబుతాను.

అదే సమయంలో, పాలసీ ఏది ఇవ్వదో కూడా చదవాలి. తనకు అసలు ప్రమాదమైనదాన్నే మినహాయించిన పాలసీకి ఏళ్లుగా ప్రీమియం కడుతున్నవాళ్లున్నారు. అమెరికాలో మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు, దానికి 1968లో మొదలైన ఫెడరల్ వరద బీమా పథకంలోనో, ప్రైవేటుగానో వేరే పాలసీ కొనాలి. 2005లో కత్రినా తుపాను తర్వాత ఇల్లు కూలింది గాలికా నీటికా అన్న వివాదాలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచాయి. గాలికైతే డబ్బొస్తుంది, నీటికైతే రాదు. ఆస్ట్రేలియాలో 2011 బ్రిస్బేన్ వరదల్లోనూ ఇదే గొడవ. వానకు నిలిచిన నీరు ఒక పాలసీలో కవర్ అయ్యేది, నది పొంగిన నీరు అయ్యేది కాదు. ఆ తర్వాతే 2012లో అక్కడి ప్రభుత్వం వరద అంటే ఏమిటో అన్ని కంపెనీలకూ ఒకే నిర్వచనం పెట్టింది. మెల్లగా కారే పైపు, చెద, పాతబడటం వంటివాటికి దాదాపు ఏ కంపెనీ డబ్బివ్వదు. మీ పాలసీ మీ అసలు భయాన్ని తీర్చడం లేదని తేలితే, పాలసీ మార్చడానికి అది మంచి కారణం.

మధ్యదారి

ప్రతి క్లెయిమ్‌లో మొదట మనం భరించాల్సిన కొంత మొత్తం ఉంటుంది. కొన్నిచోట్ల డిడక్టబుల్ అంటారు, కొన్నిచోట్ల ఎక్సెస్. ఇది చిన్నదిగా ఉండటం అందరికీ నచ్చుతుంది. ప్రీమియంను పెంచే పెద్ద కారణాల్లో అదొకటి, ఎందుకంటే చిన్న క్లెయిమ్‌లే సంఖ్యలో ఎక్కువ, ఒక్కోదానికి కంపెనీకయ్యే పని ఖర్చూ ఎక్కువ. మీ దగ్గర ఎప్పుడైనా తీయగలిగిన సొమ్ము ఎంతో చూసుకుని డిడక్టబుల్‌ను అక్కడిదాకా పెంచితే, ప్రీమియం ఎంత తగ్గుతుందో కంపెనీనే అడగండి. ఒక్కోసారి బాగా తగ్గుతుంది, ఒక్కోసారి నామమాత్రం. నామమాత్రమైతే పెంచకండి. డబ్బు దాచుకుంటాననే ఆలోచన సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. ఇల్లంతా మళ్లీ కట్టే సొమ్ము ఎవరూ దాచలేరు, డిడక్టబుల్ అంత సొమ్ము రెండు మూడేళ్లలో దాచవచ్చు.

ఒక జాగ్రత్త అవసరం. కొన్నిచోట్ల డిడక్టబుల్ శాతంలో ఉంటుంది. ఫ్లోరిడాలో తుపానులకు సాధారణంగా 2, 5, 10 శాతాలు. శాతం లెక్క వేసేది నష్టం మీద కాదు, బీమా మొత్తం మీద. బీమా మొత్తం 1,000, డిడక్టబుల్ 10 శాతం అయితే 100 దాకా నష్టమంతా మీదే. పైకప్పు మొత్తం ఎగిరిపోయినా ఒక్క పైసా రాకపోవచ్చు.

ప్రీమియం తగ్గించడానికి చాలామంది పట్టే తప్పుదారి, బీమా మొత్తాన్నే తక్కువ వేయించుకోవడం. ఇల్లు 1,000 అయితే 600కే చేయిద్దాం, పూర్తిగా ఎక్కడ పోతుందిలే అనుకుంటారు. చాలా పాలసీల్లో యావరేజ్ క్లాజ్ అనే నియమం ఉంటుంది. బీమా 60 శాతానికే ఉంటే, చిన్న నష్టంలోనూ 60 శాతమే ఇస్తారు. 200 నష్టం జరిగితే మీకు 600 దాకా రక్షణ ఉందనిపిస్తుంది, చేతికి వచ్చేది 120. డిడక్టబుల్ పెంచితే మీ వాటా ఎంతో ముందే తెలుస్తుంది. బీమా మొత్తం తగ్గిస్తే నష్టం పెరిగేకొద్దీ మీ వాటా పెరుగుతూ పోతుంది. మొదటిది చేయండి, రెండోది వద్దు.

ఇంటిని గట్టిపరిస్తే రాయితీ ఇచ్చే చోట్లున్నాయి. గాలికి తట్టుకునే పైకప్పుకు ఫ్లోరిడాలో కంపెనీలు చట్టప్రకారం రాయితీ ఇవ్వాలి. అలబామా రాష్ట్రం ఇలాంటి పైకప్పులు వేయించుకోవడానికి గ్రాంట్లే ఇస్తోంది. కార్చిచ్చు నుంచి ఇంటిని కాపాడుకునే పనులకు రాయితీ ఇవ్వాలని కాలిఫోర్నియా 2022లో నియమం తెచ్చింది. ఇలాంటి ఖర్చు బీమా ఉన్నా లేకపోయినా వృథా కాదు.

ఏ కంపెనీ ముందుకు రాకపోతే చివరి ఆసరాగా కొన్ని వ్యవస్థలున్నాయి. బ్రిటన్‌లో 2016లో మొదలైన ఫ్లడ్ రీ, వరద ముప్పున్న ఇళ్ల భారాన్ని అన్ని కంపెనీలూ పంచుకునేలా చేసింది, అయితే 2009 నుంచి కట్టిన ఇళ్లకు అది లేదు. 2023 మేలో స్టేట్ ఫామ్ అనే బీమా కంపెనీ కాలిఫోర్నియాలో ఇళ్లకు కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేశాక, చాలామంది అక్కడి చివరి ఆసరా అయిన ఫెయిర్ ప్లాన్‌కు చేరారు. అది ప్రధానంగా అగ్నికి సంబంధించిన రక్షణే. పైపు పగిలిన నష్టం, దొంగతనం వంటివాటికి పక్కన ఇంకో పాలసీ కొనాలి.

కంపెనీలు ముప్పు చూసి వెనక్కి తగ్గడం ఈనాటిది కాదు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తదితరులు ఫిలడెల్ఫియాలో పెట్టిన అగ్నిప్రమాద బీమా సంస్థ, 1781లో ముందు చెట్లున్న ఇళ్లకు బీమా చేయనంది. చెట్లు మంటలార్పడానికి అడ్డమని దాని వాదన. చెట్లు వదులుకోలేని ఇళ్లవాళ్లు 1784లో తమకోసం వేరే సంస్థ పెట్టుకున్నారు, చెట్లున్నందుకు కాస్త ఎక్కువ కట్టడానికి ఒప్పుకున్నారు. బీమా మానేయడం వాళ్లకు పరిష్కారంగా కనిపించలేదు.

మానేయడం సబబైన వాళ్లు

ఉన్నారు. లోన్ లేదు, ఆ ఇల్లు తమ మొత్తం ఆస్తిలో చిన్న భాగం, అది రేపు పోయినా మిగతా జీవితం మారదు అనేవాళ్లు. త్వరలో కూల్చి కొత్తది కట్టబోయే ఇల్లున్నవాళ్లు. విలువంతా భూమిలోనే ఉండి, పైనున్న కట్టడం నామమాత్రమైనవాళ్లు. వీళ్లు బాధ్యత బీమా ఒక్కటి ఉంచుకుని కట్టడం బీమా వదిలేస్తే నేను తప్పు పట్టను.

కష్టమైనది ఇంకో రకం మనుషుల సంగతి. ప్రీమియం కడితే మందులకు డబ్బు చాలనివాళ్లు. లోన్ తీరిపోయిన పెద్దవయసువాళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కువ, మానేసే స్వేచ్ఛ కూడా వాళ్లకే ఉంటుంది. వాళ్ల ఆస్తి అంతా ఆ ఇంట్లోనే ఉంటుంది, మళ్లీ సంపాదించే వయసు ఉండదు. వీళ్లకు మానేయవద్దని సలహా ఇవ్వడం తేలిక, డబ్బు ఎవరిస్తారు? ఇలాంటి ఇంట్లో అదనపు రక్షణలన్నీ తీసేసి, డిడక్టబుల్ పెంచి, అగ్నికీ బాధ్యతకూ మాత్రమే వర్తించే పాలసీ దొరుకుతుందేమో వెతకడం మొదటి పని. ఆ ఇంటిని వారసత్వంగా పొందబోయే పిల్లలుంటే ప్రీమియంలో వాటా అడగడానికి మొహమాటపడకూడదు, ఆ బీమా కాపాడేది వాళ్ల ఆస్తినే. ఇవేవీ కుదరకపోతే, అంత ముప్పున్న చోట ఆ ఇల్లు ఉంచుకోవాలా, ఇంకా కొనేవాళ్లున్నప్పుడే అమ్మి చిన్న ఇంటికి మారాలా అని ఇంట్లోవాళ్లందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. బీమా దొరకని ఇంటికి లోన్ రాదు, లోన్ రాని ఇంటిని కొనేవాళ్లు తగ్గిపోతారు. ఆలస్యమయ్యేకొద్దీ ధర పడుతుంది.

మానేసేవాళ్లు ఎవరైనా సరే, మళ్లీ ఎప్పుడైనా చేరొచ్చులే అన్న లెక్కతో మానేయకూడదు. మధ్యలో ఖాళీ ఉన్న ఇంటికి కంపెనీలు తనిఖీ అడుగుతాయి, రేటు పెంచుతాయి, కొన్ని తిరస్కరిస్తాయి. ప్రమాదం కనిపించాక కొనడం కుదరదు. అమెరికా ఫెడరల్ వరద పాలసీ కొన్నాక సాధారణంగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. ఆస్ట్రేలియాలో చాలా పాలసీలు కొన్న మొదటి 72 గంటల్లో వచ్చే వరద, కార్చిచ్చు, తుపానులకు డబ్బివ్వవు. ఫ్లోరిడాలో తుపాను దగ్గరపడగానే కంపెనీలు కొత్త పాలసీలు ఆపేస్తాయి. కంపెనీ మారేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ కాగితం మీద చేతికి వచ్చాకే పాతదాన్ని రద్దు చేయండి, లోన్ ఉంటే ఆ కాగితం బ్యాంకుకు కూడా పంపి అందినట్టు రాయించుకోండి.